పొగబండి, వెండితెర: ప్లాట్‌ఫాం మీద ఆగిన కెమెరా

మా నాయనమ్మ రైలును చివరిదాకా 'పొగబండి' అనే పిలిచింది. ఆమె ముసలితనం వచ్చేసరికి మా అరక్కోణం స్టేషన్‌లో ఆగే బండ్లలో చాలావాటికి పొగ అన్నదే లేదు. డీజిలు ఇంజన్లు, కరెంటు ఇంజన్లు వచ్చేశాయి. పొగ పోయినా ఆమె నోట ఆ పేరు పోలేదు. మా నాన్నగారు రైల్వేలో గుమాస్తా; ఆయనకది 'ట్రెయిను'. వీధిలో నాతో ఆడుకునే పిల్లలకు 'వండి'. ఒక వస్తువుకు మూడు గజాల దూరంలో మూడు పేర్లు. నేను తర్వాత భాషాశాస్త్రం వైపు వెళ్ళడానికి బీజం అక్కడే పడిందేమో.

ఈ పేర్లను కొంచెం పరిశీలిద్దాం. రైలు మన దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ఒక్కో భాషవారు దానిలో ఒక్కో గుణాన్ని పట్టుకున్నారు. తెలుగువారు, తమిళులు పొగను చూశారు: పొగబండి, పుగైవండి. కన్నడిగులు ఆవిరిని చూసి ఉగిబండి అన్నారు. మరాఠీవారు నిప్పును చూసి ఆగ్‌గాడీ అన్నారు. మన పండితులు పొగనే సంస్కృతంలోకి మార్చి ధూమశకటం చేశారు గాని, ఆ మాట పుస్తకం దాటి బజారుకు రాలేదు. చివరికి నిలబడింది 'రైలు'. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం కింద పరిచే ఇనుపకడ్డీ. మనం ఆ కడ్డీలకు 'పట్టాలు' అని మన పేరే పెట్టుకుని, వాళ్ళ మాటను తీసి బండికి ఎక్కించాం. తమిళులూ కన్నడిగులూ అదే పని చేశారు. ఒడియావారు ఆ మాటకు 'గాడి' చేర్చి రేళగాడి అన్నారు.

పొగ, ఆవిరి, నిప్పు - ఈ మూడూ ఎవరికి కనిపిస్తాయి? బండిలో కూర్చున్నవారికి కాదు. బయట నిలబడి చూసేవారికి. లోపలున్నవారికి కనబడేది ఎదుటి బెంచీ, కిటికీ, మహా అయితే కంట్లో పడ్డ బొగ్గు నలుసు. అంటే ఈ పేర్లన్నీ ఒడ్డున ఉన్నవారు పెట్టినవే. మన సినిమాలలో రైలుకున్న ఆకర్షణ గురించి నేను చెప్పదలచింది కూడా దీనికి దగ్గర విషయమే. వెండితెరమీద రైలును మనం ఎక్కువగా ప్లాట్‌ఫాం మీద నిలబడి చూశాం. అందులో ఎక్కి వెళ్ళిపోయినవారి కథ తెరకు చాలా తక్కువగా ఎక్కింది. ఆ వెళ్ళిపోయినవారిలో మన తాతలు చాలామంది ఉన్నారు. కాబట్టి ఆంధ్రదేశానికి వెలుపల తెలుగు చదువుకుంటున్న మీకు ఈ సంగతితో ప్రత్యేకంగా పని ఉంది.

మొదటి బండి, మొదటి బొమ్మ

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణేకు, సుమారు 34 కిలోమీటర్లు నడిచింది. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు వెళ్ళింది. బొంబాయిలో రైలు కూసిన 43 ఏళ్ళకు, 1896 జూలై 7న, అదే నగరంలోని వాట్సన్ హోటల్‌లో ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు ప్రదర్శించారు. ఆనాటి చిన్న చిన్న బొమ్మల పట్టికలో రైలు రాక ఒకటి.

లూమియేర్‌ల రైలు బొమ్మల్లో ప్రసిద్ధమైనది లా సియోతా అనే ఊరి స్టేషన్‌లో తీసినది. నిడివి సుమారు 50 సెకన్లు. కెమెరా ప్లాట్‌ఫాం మీద ఒకచోట కదలకుండా ఉంటుంది. దూరంగా చుక్కలా ఇంజను కనిపించి, పెద్దదై, తెర అంచు దాటి పోతుంది. బండి ఆగుతుంది, తలుపులు తెరుచుకుంటాయి, కొందరు దిగుతారు, కొందరు ఎక్కుతారు. అంతే కథ. దీన్ని చూసి ప్యారిస్ ప్రేక్షకులు రైలు మీదికి వస్తోందని భయపడి పరుగెత్తారని ఒక కథ ప్రచారంలో ఉంది. సినిమా చరిత్రకారులు దాన్ని కట్టుకథగానే భావిస్తున్నారు. బొంబాయివారి విషయంలోనైతే ఆ కథకు ఆస్కారమే తక్కువ. 43 ఏళ్ళుగా ఇంటి పక్కన చూస్తున్న బండి అది. వారికి వింత రైలు కాదు, తమకు తెలిసిన రైలు గుడ్డమీద కదలడం.

సినిమాకూ రైలుకూ చుట్టరికం కుదరడానికి కారణాలు పైకే కనిపిస్తాయి. కదలికను చూపడమే సినిమా పని. నిలకడగా ఉన్న కెమెరా ముందు తనంతట తాను దూరం నుంచి దగ్గరకు వచ్చి, పొగ చిమ్మి, జనాన్ని దింపి, మళ్ళీ వెళ్ళిపోయే వస్తువు రైలును మించి ఇంకొకటి లేదు. రైలు కిటికీ కూడా ఒక చిన్న తెరే. దానిలో ఊళ్ళూ పొలాలూ వరసగా నడుస్తాయి. తర్వాతి రోజుల్లో కెమెరాను కదిలించవలసి వచ్చినప్పుడు సినిమావాళ్ళు చేసిన పని కూడా నేలమీద చిన్న పట్టాలు పరిచి, దానిమీద ట్రాలీని తోయడమే.

పట్టాల వెంట పోయినవారు

ఇక రైలెక్కినవారి సంగతి. మొదట ఒక జాగ్రత్త చెప్పాలి. బయటి రాష్ట్రాల తెలుగువారందరూ రైలులో వెళ్ళినవారు కారు. తమిళనాడులోనూ కర్ణాటకలోనూ విజయనగర, నాయకరాజుల కాలం నాటికే కాలినడకన, ఎడ్లబండ్లమీద చేరి స్థిరపడిన కుటుంబాలున్నాయి. రైలు తెచ్చింది రెండో పొర. మద్రాసు రైల్వే, బొంబాయి వైపు నుంచి వచ్చే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. బొంబాయి దారిలోని షోలాపూరుకు 1860లోనే రైలు చేరింది. 1874లో నిజాం రాజ్యంలో సికింద్రాబాదు నుంచి వాడి దాకా బండి నడవడంతో తెలంగాణకు ఆ దారితో ముడి పడింది. షోలాపూరు బట్టల మిల్లులకు, మగ్గాలకు తెలంగాణ పద్మశాలీలు పెద్దసంఖ్యలో చేరడం వెనక కరువూ చేతిపని దెబ్బతినడమూ ఉన్నాయి. వారిని, వారి బంధువులను చేరవేసిన సాధనాల్లో ఈ పట్టాలు ముఖ్యమైనవి.

తూర్పు తీరంలో 19వ శతాబ్దం ముగిసేసరికి గోదావరిమీద హేవ్‌లాక్ వంతెన లేచింది. 1900లో హౌరా-మద్రాసు మెయిల్ మొదలైంది. బెంగాల్ నాగపూర్ రైల్వే వెంట శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల కూలీలు, పనివారు ఖరగ్‌పూర్ దాకా వెళ్ళి అక్కడే నిలిచిపోయారు. ఆ 1900లోనే నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్నబండి వచ్చింది. పర్లాకిమిడి రాజావారి పూనికతో వేసిన ఆ సన్నపట్టాల దారి 1931 నాటికి గుణుపురం చేరింది. అప్పటికే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా రెండు దశాబ్దాలు గడిపి, సవర భాష నేర్చి, ఆ భాషకు పుస్తకాలు తయారుచేసే పనిలో ఉన్నారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అందుకు నిరసనగా ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. బండి మాత్రం అదే దారిలో నడిచింది. నిన్నటిదాకా ఒకే రాష్ట్రంలో తిరిగిన రైలు ఒక్కరోజులో రెండు రాష్ట్రాల రైలైంది. 2004 దాకా నడిచిన ఆ చిన్నబండి స్థానంలో 2011లో పెద్దపట్టాల మీద రైళ్ళు వచ్చాయి.

యానాం విద్యార్థులు నవ్వుకుంటూ ఉండవచ్చు. ఆ ఊరికి రైలే లేదు. దగ్గరలో 1928లో వేసిన కాకినాడ-కోటిపల్లి దారి పట్టాలను కూడా రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఊడదీసి తీసుకుపోయారు. 2004లో గాని ఆ దారిలో మళ్ళీ బండి కూయలేదు. రైలు లేనిచోట కూడా రైలు చరిత్ర ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం.

రైలూ సినిమా ఒకే సంచిలో

దక్షిణాదికి సినిమాను మోసుకొచ్చినవారు కూడా రైలు మనుషులే. తిరుచ్చిలో సౌత్ ఇండియన్ రైల్వే ఉద్యోగి సామికణ్ణు విన్సెంట్ 1905లో దుపాంట్ అనే ఫ్రెంచివారి దగ్గర ప్రొజెక్టరూ ఫిల్ములూ కొని, ఉద్యోగం వదిలి, ఊరూరా గుడారం వేసి బొమ్మలు చూపించారు. తర్వాత 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టించారు. మచిలీపట్నం నుంచి వచ్చి మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, బొమ్మలతో బర్మా, సింహళం దాకా తిరిగి, మద్రాసులో గెయిటీ థియేటరు నిర్మించారు. తెలుగు సినిమాకు పితామహుడని మనం గౌరవించే ఈ వెంకయ్యగారు నేటి లెక్కలో రాష్ట్రేతర తెలుగువారు.

ఆ తర్వాత చాలా దశాబ్దాలపాటు తెలుగు సినిమా మద్రాసులోనే తయారైంది. దర్శకులు, రచయితలు, నటులు, వేషం దొరుకుతుందేమోనని వచ్చినవారు - చాలామంది మద్రాసు సెంట్రల్‌లో రైలు దిగినవారే. పరిశ్రమ మెల్లగా హైదరాబాదుకు మళ్ళినా కొన్ని కుటుంబాలు మద్రాసులోనే ఉండిపోయాయి. ఇక్కడ ఒక చిత్రం గమనించండి. స్వయంగా రైలెక్కి పరాయి ఊరికి వచ్చి, అక్కడ అద్దె గదుల్లో, మెస్సుల్లో గడిపినవారు తీసిన సినిమాల్లో కూడా రైలు ఎక్కువగా ఊళ్ళో మిగిలినవారి కళ్ళతోనే కనిపిస్తుంది.

గేటు దగ్గర, పొలంలో, ప్లాట్‌ఫాం మీద

కొన్ని ఉదాహరణలు చూద్దాం. 1936లో బాంబే టాకీస్ తీసిన 'అఛూత్ కన్య'లో కథానాయిక రైల్వే గేటు కాపలాదారు కూతురు. కథంతా గేటు దగ్గర పుట్టి, గేటు దగ్గరే, వచ్చే రైలును ఆపబోయిన ఆమె మరణంతో ముగుస్తుంది. రైలు ఆమె బతుకు ముందునుంచి రోజూ పోతుంది గాని, ఆమెను ఎక్కడికీ తీసుకుపోదు. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'లో అక్కాతమ్ముళ్ళు తెల్లటి రెల్లుపూల మధ్య పరుగెత్తి రైలు చూస్తారు. విభూతిభూషణుని నవలలో పాపం ఆ అక్కకు రైలు చూసే భాగ్యం లేదు. ఆ కోరికతోనే కన్నుమూస్తుంది. రాయ్ ఆమెకు రైలును చూపించాడు, కాని ఎక్కించలేదు.

మన భాషకు దగ్గరగా వస్తే, 1978లో భారతీరాజా తమిళంలో తీసిన 'కిళక్కే పోగుం రయిల్' ఉంది. తర్వాత తెలుగులో పేరు తెచ్చుకున్న సుధాకర్‌కు, రాధికకు అది మొదటి సినిమా. మరుసటి సంవత్సరమే బాపు దాన్ని 'తూర్పు వెళ్ళే రైలు'గా తీశారు, సంగీతం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. రెండు భాషలు తెలిసిన విద్యార్థులు ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూడాలి. కిళక్కే - తూర్పు, పోగుం - వెళ్ళే, రయిల్ - రైలు. మాటకు మాట, వరసకు వరస సరిపోయింది. క్రియను విశేషణంగా మార్చి నామానికి ముందు నిలిపే పద్ధతి రెండు భాషల్లో ఒకటే కావడంవల్ల అనువాదకుడికి పనే లేకపోయింది. తమిళ కథలో ప్రియుడు పట్నం పోతాడు. అక్కడినుంచి రైలు చివరి పెట్టె మీద అక్షరాలు రాసి పంపుతాడు. ఊళ్ళో ఉన్న పిల్ల దడదడలాడుతూ పోయే బండి వెనక భాగాన్ని చదువుకుంటుంది. ఉత్తరాలను మోసుకుపోయే రైలు ఇక్కడ తానే ఉత్తరమైంది. రైలు ఆకర్షణను ఇంత సూటిగా పట్టుకున్న ఊహ మన సినిమాల్లో అరుదు.

నేను తమిళ సినిమాను అరక్కోణంలో నాయనమ్మ పక్కన కూర్చుని, తెలుగు సినిమాను వేసవి సెలవులకు కోడూరు దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు చూశాను. తమిళ సినిమా అయిపోయి ఇంటికి నడుస్తుంటే నాయనమ్మ ఒక్క మాట అంది: "ఆ పిల్ల ఏడ్చింది సరే. పొయ్యినోడు ఆడ ఏం తిన్యాడో, యాడ పండుకున్యాడో చూపియ్యలేదే!" కోడూరు వదిలి కొడుకుతో అరక్కోణం వచ్చి క్వార్టర్సులో ఉంటున్న మనిషికి తోచిన విమర్శ అది. తర్వాత నేను చదివిన ఏ విమర్శా దానికి సాటిరాలేదు.

1982లో బాలు మహేంద్ర తీసిన 'మూన్‌ఱాం పిఱై' తెలుగులో 'వసంత కోకిల'గా వచ్చింది. దాని చివరి ఘట్టం నీలగిరి కొండల్లోని కేత్తి స్టేషన్‌లో తీశారు. జ్ఞాపకం తిరిగొచ్చిన అమ్మాయి రైలులో కూర్చుంది. తనను పెంచి కాపాడినవాణ్ణి ఆమె గుర్తుపట్టదు. అతను ప్లాట్‌ఫాం మీద కోతిలా గంతులేసి గుర్తుచేయబోతాడు. బండి కదిలిపోతుంది, కెమెరా అతనితో మిగిలిపోతుంది. ఆ రైలులో పోయిన అమ్మాయికి ఇకమీద ఎలాంటి జీవితం ఉంటుందన్న ప్రశ్న మనకు తట్టదు. మన దుఃఖమంతా స్టేషన్‌లోనే ఉంటుంది.

ఆవిరి ఇంజన్ల కథ కూడా ఇక్కడే చెప్పాలి. చిత్తరంజన్‌లో వాటి తయారీ 1972లో ఆగింది. పెద్దపట్టాల మీద వాటి మామూలు సర్వీసు 1995తో ముగిసింది. పొగ పోయాక సినిమావాళ్ళు పొగను వెదుక్కుంటూ కొండ రైళ్ళ దగ్గరికి వెళ్ళారు. 1998లో మణిరత్నం హిందీ చిత్రం 'దిల్ సే'లో పాట నీలగిరి రైలుమీద తీసిందే. మా నాయనమ్మ నోట్లాగే తెర కూడా పొగబండిని వదల్లేదన్నమాట.

లోపలినుంచి చూసినవి

అన్ని సినిమాలూ ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయాయని అనడం న్యాయం కాదు. రాయ్ 'నాయక్' (1966) దాదాపు అంతా కలకత్తా నుంచి ఢిల్లీ పోయే బండిలో సాగుతుంది. శరత్ 'దేవదాసు' కథ ముగింపులో సుదీర్ఘమైన రైలు ప్రయాణం ఉంది. 1953లో మన తెలుగు తెరకు కూడా ఆ కథ వచ్చింది. 2013లో మేర్లపాక గాంధీ తీసిన 'వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్' తిరుపతి పెళ్ళికి పోతున్న కుటుంబం రైలు తప్పిపోయిన యువకుడి పరుగు. అయితే ఈ ప్రయాణికులను చూడండి. ఒకడు బిరుదు అందుకోవడానికి, ఒకడు చనిపోవడానికి, ఒకడు పెళ్ళి అందుకోవడానికి రైలెక్కాడు. పనికోసం ఎక్కి, దిగినచోట పొయ్యి పెట్టుకుని, పరాయి భాష నేర్చుకుని, పిల్లల్ని ఏ బడిలో వేయాలో తేల్చుకోలేక తికమకపడిన మనిషి వీరిలో లేడు.

రాయ్ 'అపరాజితో' (1956) ఒక్కటి దగ్గరగా వచ్చింది. చదువుకోసం కలకత్తా పోయిన కొడుకు బతుకునూ, దూరాన పోయే రైలువైపు చూస్తూ కూర్చున్న తల్లినీ రెంటినీ చూపింది. రచనలో ఆర్.కె. నారాయణ్ 'గైడ్' (1958) ఇంకో కోణం పట్టుకుంది: మాల్గుడి స్టేషన్‌లో అంగడి పెట్టుకుని, దిగినవారిమీద బతికే రాజు కథ. కర్ణాటక విద్యార్థులు శివమొగ్గ జిల్లా అరసాళు స్టేషన్‌ను చూసే ఉంటారు. శంకర్‌నాగ్ 'మాల్గుడి డేస్' సీరియల్‌కు అదే మాల్గుడి స్టేషనైంది. 2020లో ఆ పాత కట్టడాన్ని బాగుచేసి ప్రదర్శనశాలగా మార్చారు.

ఎందుకిలా జరిగింది? నాకు రెండు కారణాలు తోస్తున్నాయి. మొదటిది, వీడ్కోలును చూపడం సులభం; స్థిరపడటాన్ని చూపడం కష్టం. వీడ్కోలు రెండు నిమిషాల్లో, ఒక్క కూతతో అయిపోతుంది. స్థిరపడటానికి ముప్ఫై ఏళ్ళు పడుతుంది, దానికి కూత లేదు. రెండోది, టిక్కెట్టు కొనేవారిలో ఎక్కువమంది ఊళ్ళో మిగిలినవారే. తెలుగు సినిమా లెక్కలు కోస్తా, సీడెడ్, నైజాం అనే విభాగాలమీద నడిచాయి. షోలాపూరు, బరంపురం, హోసూరు తెలుగువారు ఆ పట్టికల్లో అంచున ఉన్నవారే. ప్లాట్‌ఫాం మీదున్న ప్రేక్షకుడికి ప్లాట్‌ఫాం కథే చెప్పారు.

బోర్డులు చదివిన పిల్లవాడు

చివరగా నా స్వంత అనుభవం ఒకటి. నేను చదివింది తమిళ బడి. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గాని, అక్షరాలు నేర్పినవారు లేరు. ప్రతి వేసవికీ నాన్నగారికి వచ్చే రైల్వే పాసు మీద కూజాలో నీళ్ళు, డబ్బాలో పులిహోర పట్టుకుని కోడూరు వైపు పోయేవాళ్ళం. తిరుత్తణి దాటిన తర్వాత పొన్పాడి దాకా స్టేషన్ బోర్డులమీద తమిళం. తర్వాతి స్టేషన్ వెంకటనరసింహరాజువారిపేట. మన దేశంలో పొడవైన స్టేషన్ పేరుగా ఇంగ్లీషులో 28 అక్షరాలతో అది ప్రసిద్ధికెక్కింది. నాకు మాత్రం అది తెలుగు మొదలయ్యే చోటు. తెలుగులో ఆ పేరుకు 13 అక్షరాలే. నాన్నగారు వేలు చూపిస్తూ, బండి కదిలేలోగా ఒక్కొక్కటే చదివించేవారు. ఒక సంవత్సరం 'వెం' దగ్గరే బండి కదిలిపోయింది. ఇంకో సంవత్సరం 'రాజు' దాకా వెళ్ళాను. 'పేట' చేరడానికి మూడు వేసవులు పట్టింది. నా తెలుగు అక్షరాభ్యాసం పలకమీద కాదు, పసుపు బోర్డు మీద జరిగింది.

ఈ దృశ్యం నేను చూసిన ఏ సినిమాలోనూ లేదు. ఒక్క నా సంగతే కాదు. తాండూరు దగ్గర లిపి మారడాన్ని షోలాపూరు పిల్లలు గమనించి ఉంటారు. ఇచ్ఛాపురం దగ్గర బరంపురం పిల్లలు గమనించి ఉంటారు. రైలు మనల్ని మన భాష నుంచి దూరంగా తీసుకుపోయిన మాట నిజమే. ఏడాదికొకసారి కిటికీలోంచి అక్షరాలు చూపించింది కూడా అదే.

అందుచేత ఈ వ్యాసాన్ని ఒక పనితో ముగిస్తాను. మీ ఇళ్ళలో ఇంకా పెద్దవారు ఉన్నారు. మొదట ఏ బండి ఎక్కి వచ్చారో, ఏ స్టేషన్‌లో దిగారో, దిగిన రాత్రి ఎక్కడ పడుకున్నారో, మొదటి పరాయిభాష మాట ఏది నేర్చుకున్నారో అడగండి. రైలును, స్టేషన్‌ను, టిక్కెట్టును, గార్డును వారు ఏమని పిలిచేవారో వారి ఉచ్చారణలోనే రాసుకోండి. దిద్దకండి. 'టేసను' అంటే టేసను అనే రాయండి. చెప్పినవారి పేరు, ఊరు, వయస్సు, రాసుకున్న తేదీ తప్పక వేయండి. సినిమా తీయని రెండో సగం వారి నోళ్ళలోనే ఉంది. మా నాయనమ్మను నేను అడగవలసినంత అడగలేదు. ఆమె కోడూరు నుంచి మొదటిసారి ఏ పెట్టెలో, ఎవరి పక్కన కూర్చుని వచ్చిందో ఇప్పుడు చెప్పేవారు లేరు.